కాల్డ్‌వెల్ కౌంటీ కంపెనీ: ఇరుగుపొరుగే సైన్యమైనప్పుడు

1863 జూలై 1న పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ దగ్గర యుద్ధంలోకి దిగినప్పుడు దక్షిణాది సైన్యంలోని 26వ నార్త్ కరొలినా రెజిమెంటు ఎఫ్ కంపెనీలో ముగ్గురు అధికారులు, 88 మంది సైనికులు ఉన్నారు. మూడో రోజు పోరు ముగిసేసరికి వాళ్లలో దెబ్బ తగలనివాడు ఒక్కడూ మిగల్లేదు. అక్కడికక్కడ చనిపోయినవాళ్లు, ఆ గాయాలతోనే తర్వాత పోయినవాళ్లు కలిపి 31 మంది. గాయపడి బతికినవాళ్లు 60 మంది. అప్పటి కంపెనీ కెప్టెన్ రోములస్ టటిల్ యుద్ధం తర్వాత చెప్పిన లెక్క ఇది. ఒకటీ అరా అటూ ఇటూ అయినా, అమెరికా అంతర్యుద్ధంలో ఒక కంపెనీ ఎంతగా నష్టపోగలదో చెప్పాల్సి వచ్చినప్పుడు చరిత్రకారులు ముందుగా తలుచుకునే పేర్లలో ఇదొకటి.

ఆ 91 మందిలో అత్యధికులు ఒకే కౌంటీ (జిల్లా లాంటి విభాగం) వాళ్లు. నార్త్ కరొలినా పశ్చిమాన, బ్లూ రిడ్జ్ కొండలు మొదలయ్యే చోట ఉన్న కాల్డ్‌వెల్ కౌంటీ వాళ్లు. గెటిస్‌బర్గ్‌కు ఏడాది ముందరి ఇదే కంపెనీ హాజరు పట్టీలో ఇంకో రెండు పేర్లు కూడా ఉంటాయి: కీత్ బ్లాలాక్, అతని తమ్ముడిగా చేరిన శామ్. ఆ ఇద్దరూ నెల తిరగకుండానే కంపెనీ వదిలేశారు. తర్వాత అదే కౌంటీలో, అదే కంపెనీ సైనికుల ఇళ్ల మీదికి తుపాకులతో వెళ్లారు. ఒకవైపు, ఆఖరి మనిషి పడేదాకా వరస చెదరని విధేయత. మరోవైపు, సొంత లోయలోనే పొరుగువాడి మీద గెరిల్లా పోరు. ఈ రెంటినీ వేరువేరు కథలుగా చెప్పడం అలవాటైంది. నిజానికి రెండూ ఒకే పద్ధతికి పుట్టాయి. ఊరి బంధాన్నే సైనిక బంధంగా మార్చి యుద్ధానికి పంపిన పద్ధతి అది.

కోర్టు ముంగిట్లో పుట్టిన సైన్యం

యుద్ధానికి ముందు అమెరికా స్థిర సైన్యం మొత్తం సుమారు 16,000 మంది. ఆ కాస్త మందితో లక్షల సైన్యాలు నడిపే యుద్ధం సాగదు. అటు ఉత్తరాది పక్షమైన యూనియన్‌కూ, ఇటు దాన్నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరసీకీ అంత సైన్యాన్ని నేరుగా భర్తీ చేసుకునే యంత్రాంగం లేదు. అందుకే ఆ పని రాష్ట్రాలకు, రాష్ట్రాల నుంచి కౌంటీలకు దిగింది. కౌంటీ కేంద్రంలో పలుకుబడి ఉన్న ఒక వకీలో, భూస్వామి కొడుకో, బడి పంతులో కంపెనీ కడతానని ముందుకొస్తాడు. కోర్టు ముంగిట్లో సభ పెడతారు. ఉపన్యాసాలు, బ్యాండు, మతగురువు ప్రార్థన. ఆడవాళ్లు పట్టుగుడ్డతో కుట్టిన జెండా అందిస్తారు. అందరూ చూస్తుండగా ఒక్కొక్కడే వచ్చి సంతకం పెడతాడు. సంతకం రానివాడు ఇంటూ గుర్తు పెడతాడు.

వంద మంది దాకా పోగైతే కంపెనీ. పది కంపెనీలైతే రెజిమెంటు. కంపెనీకి కెప్టెన్ ఎవరు, లెఫ్టినెంట్లు ఎవరు అన్నది చేరినవాళ్లే ఓట్లేసి తేల్చుకుంటారు. ఈ ఎన్నికను తర్వాతి సైనిక నిపుణులు చాలామంది వెక్కిరించారు. క్రమశిక్షణ పెట్టేవాడికి ఓట్లు పడవు, భుజం మీద చెయ్యేసి మాట్లాడేవాడికి పడతాయి అన్నది వాళ్ల ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. కానీ రైతు కుర్రాళ్లను సైన్యంలోకి రప్పించినది ఆ ఓటే. నెలకు 11 డాలర్ల జీతానికి ముక్కూమొహం తెలియని అధికారి కింద పడి ఉండమంటే 1861లో కొండ రైతు కదిలేవాడు కాదు. తన నాన్నకు తెలిసిన మనిషి, తన చర్చిలోనే కూర్చునే మనిషి ముందు నడుస్తానంటే కదిలాడు.

కంపెనీల పేర్లు చూసినా ఆ ఊరి వాసన తెలుస్తుంది. 26వ రెజిమెంటులో ఆష్ కౌంటీ వాళ్లు జెఫ్ డేవిస్ మౌంటెనీర్స్, చాతమ్ కౌంటీ నుంచి వచ్చిన రెండు కంపెనీల్లో ఒకటి చాతమ్ బాయిస్, మూర్ కౌంటీ వాళ్లు మూర్ ఇండిపెండెంట్స్, ఆన్సన్ కౌంటీ వాళ్లు పీడీ వైల్డ్‌క్యాట్స్. కాల్డ్‌వెల్ నుంచి కూడా ఈ రెజిమెంటుకు రెండు కంపెనీలు వెళ్లాయి: ఎఫ్ కంపెనీ హిబ్రిటెన్ గార్డ్స్, ఐ కంపెనీ కాల్డ్‌వెల్ గార్డ్స్. హిబ్రిటెన్ అంటే కౌంటీ కేంద్రమైన లెనోయిర్ పట్నం నుంచి తలెత్తి చూస్తే కనిపించే కొండ పేరు. రెజిమెంటుకు అంకె ఇచ్చింది ప్రభుత్వం. సైనికుడు మాత్రం తనను తాను ఆ కొండ పేరుతోనే చెప్పుకున్నాడు.

ఇలా కౌంటీని ఆధారం చేసుకోవడం అమెరికాలో మొదలైన పని కాదు. 17వ శతాబ్దపు ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో కౌంటీల స్థానిక దళాలు తమ సరిహద్దు లోపల బాగానే పనిచేశాయి, సరిహద్దు దాటమంటే మొండికేశాయి. 1642లో కార్న్‌వాల్ దళాలు టామర్ నది దాటి డెవన్‌లోకి రామన్నాయి. రాజు పక్షం సేనాని రాల్ఫ్ హాప్టన్ వాటిని వదిలేసి, ఎక్కడికైనా వచ్చే స్వచ్ఛంద సైనికులతో కొత్త రెజిమెంట్లు కట్టుకోవాల్సి వచ్చింది. స్థానిక దళం దేన్ని కాపాడటానికి పుట్టిందో దాన్ని విడిచి దూరం పొమ్మంటే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడే తలెత్తింది. రెండు శతాబ్దాల తర్వాత కాల్డ్‌వెల్‌లో అది మరింత కఠినంగా తిరిగొచ్చింది.

ఉత్సాహం లేని చోట ఇంత మంది ఎలా?

కాల్డ్‌వెల్ కౌంటీ 1841లో ఏర్పడింది. 1860 నాటికి జనాభా సుమారు 7,500. అందులో ఏడో వంతు దాకా బానిసలు. యాడ్కిన్ నది ఎగువ లోయలో, హ్యాపీ వ్యాలీ అని పిలిచే చోట, కొన్ని పెద్ద కమతాల కుటుంబాలు ఉండేవి. బానిసల్లో ఎక్కువమంది ఆ పొలాల్లోనే. పడమట కొండల్లోకి వెళ్లేకొద్దీ చిన్న రైతులు, మొక్కజొన్న, పందులు, అడవి. గ్లోబ్ అనే లోయలో, గ్రాండ్‌ఫాదర్ కొండ చుట్టుపక్కల, ఇంటిపేర్లు పదీ పన్నెండుకు మించవు. మూర్, కాఫీ, ఎస్టిస్ లాంటివి. రైలు లేదు. లెనోయిర్‌కు రైలు 1884లో గాని రాలేదు.

ఇలాంటి చోట వేరుపడదామన్న ఉత్సాహం ఉరకలేసిందనుకోవడం పొరపాటు. 1861 ఫిబ్రవరిలో, యూనియన్ నుంచి వైదొలగే విషయం చర్చించడానికి అసలు సమావేశం పెట్టాలా వద్దా అని నార్త్ కరొలినా ఓటర్లను అడిగితే, వద్దన్నవాళ్లు 47,323 మంది, పెట్టాలన్నవాళ్లు 46,672 మంది. తేడా 651 ఓట్లు. ఆ ఏప్రిల్‌లో యూనియన్ చేతిలో ఉన్న సమ్‌టర్ కోట మీద కాన్ఫెడరేట్లు కాల్పులు జరపడం, తిరుగుబాటు అణచడానికి 75,000 మందిని పంపమని లింకన్ రాష్ట్రాలను అడగడంతో గాలి మారింది. పశ్చిమ కొండల నాయకుడు జెబులన్ వాన్స్ అప్పటిదాకా యూనియన్ పక్షాన ఊరూరా తిరిగి మాట్లాడినవాడు. యూనియన్ నిలవాలని చెయ్యెత్తి మాట్లాడుతుండగా ఆ వార్త వచ్చిందని, ఎత్తిన చెయ్యి వేర్పాటువాదిగా కిందికి దిగిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. కాస్త నాటకీయత కలిపి ఉండవచ్చు, వాన్స్‌కు ఆ అలవాటు ఉంది. అయినా ఆ రోజుల్లో వేలమంది మనసు తిరిగిన తీరు దాదాపు అదే. సాటి దక్షిణాది మీదికి వెళ్లాలా, వాళ్లతో నిలబడాలా అన్న రెండే దారులు మిగిలాయని వాళ్లకు అనిపించింది. మే 20న రాష్ట్రం విడిపోయింది.

బానిసత్వం ఈ లెక్కలో ఎక్కడ ఉంది? చిన్న రైతుకు బానిసలు లేరు కాబట్టి అతను దాని కోసం పోరాడలేదన్న మాట తరచూ వినిపిస్తుంది. అది సగం నిజమే. వేరుపడాలని పట్టుబట్టిన రాష్ట్రాలు తమ కారణాన్ని దాచుకోలేదు, అది బానిసత్వమే. కౌంటీలో కంపెనీలు కట్టే చొరవ, గుర్రాలు, తుపాకులకు డబ్బు, అధికారి పదవికి తగిన చదువు, ఇవన్నీ బానిసల శ్రమ మీద బతికే కుటుంబాల దగ్గరే ఎక్కువగా ఉండేవి. కాల్డ్‌వెల్ గార్డ్స్‌కు నాయకత్వం వహించి, తర్వాత రెజిమెంటు మేజర్ స్థాయికి ఎదిగిన జాన్ టి. జోన్స్ హ్యాపీ వ్యాలీ భూస్వామ్య కుటుంబం బిడ్డ. కొండ కుర్రాడు వెళ్లింది ఆ కుటుంబం మీద గౌరవంతో కావచ్చు, అన్నదమ్ముల వెంట కావచ్చు, ఊళ్లో తలెత్తుకోవాలన్న పంతంతో కావచ్చు. కౌంటీ కంపెనీ అనేది ఆ వేరువేరు కారణాలన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టింది. యుద్ధం ఎవరి కోసం అన్న ప్రశ్నను అది తేల్చలేదు, వాయిదా వేసింది.

1861 ఆగస్టులో రాలీ దగ్గరి క్రాబ్‌ట్రీ శిబిరంలో పది కంపెనీలు కలిసి 26వ రెజిమెంటు అయ్యాయి. కర్నల్‌గా వాన్స్‌ను ఎన్నుకున్నారు. లెఫ్టినెంట్ కర్నల్ హెన్రీ కింగ్ బర్గ్విన్ సైనిక విద్యాలయం నుంచి వచ్చిన 19 ఏళ్ల కుర్రవాడు. డ్రిల్లు పేరుతో ప్రాణాలు తోడేసేవాడు కాబట్టి మొదట్లో సైనికులకు అతనంటే మంట. వాన్స్ మాటలతో ఆకట్టుకుంటే, సైన్యంలా నడవడం నేర్పింది బర్గ్విన్.

తొలి శత్రువు యూనియన్ సైన్యం కాదు, తట్టు జ్వరం. జనసమ్మర్దం లేని పల్లెల్లో పెరిగినవాళ్లకు చిన్నప్పుడు తట్టు సోకి ఉండదు. వేలమంది ఒకే శిబిరంలో చేరగానే అది అడవి మంటలా పాకింది. 1861–62 చలికాలం సముద్ర తీరంలో కాపలా కాసిన ఈ రెజిమెంటులో తట్టు, టైఫాయిడ్ కలిసి చాలామందిని మంచాన పడేశాయి, కొందరిని మింగేశాయి. పట్నం రెజిమెంట్ల కంటే పల్లె రెజిమెంట్లలో ఈ జబ్బుల దెబ్బ ఎక్కువగా ఉండటం ఇరు సైన్యాల్లోనూ కనిపించింది. కౌంటీకి చేరిన తొలి మరణ వార్తల్లో తుపాకీ గుండు ఊసే లేదు.

సంతకం మారిన ఏడాది

1862 ఏప్రిల్ 16న కాన్ఫెడరేట్ కాంగ్రెసు నిర్బంధ సైనిక భర్తీ చట్టం తెచ్చింది. 18 నుంచి 35 ఏళ్ల మధ్య తెల్లవారంతా సైన్యంలో చేరాల్సిందే. అప్పటికే ఏడాది గడువుకు చేరి ఉన్నవాళ్ల గడువు ఏకంగా మూడేళ్లయింది. సెప్టెంబరులో వయోపరిమితిని 45 దాకా పొడిగించారు. అక్టోబరులో వచ్చిన సవరణ కొండ కౌంటీల్లో నిప్పు రాజేసింది: 20 మంది బానిసలున్న తోటకు ఒక తెల్ల మగాడి చొప్పున మినహాయింపు. హ్యాపీ వ్యాలీలో ఒకరిద్దరికి అది పనికొచ్చి ఉండవచ్చు. గ్లోబ్ లోయలో ఎవరికీ పనికిరాదు.

ఇక్కడే కౌంటీ కంపెనీ స్వభావం మారింది. 1861లో ఊరి ముందు ఇష్టపూర్వకంగా ఇచ్చిన మాట అది. 1862 నుంచి అది ఊరి మీద సర్కారు వేసిన పన్ను. విచిత్రమేమిటంటే బయటికి పద్ధతి పెద్దగా మారలేదు. బలవంతంగా లాక్కుపోయేలోపు తామే చేరితే కావలసిన కంపెనీ ఎంచుకోవచ్చు, చేరిక సొమ్ము కూడా దక్కుతుంది. అందుకే 1862 వసంతంలో చాలామంది సొంత కౌంటీ కంపెనీల్లో 'స్వచ్ఛందంగా' చేరారు. పట్టీలో 1861 సంతకం పక్కనే 1862 సంతకం ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే.

అలా చేరినవాళ్లలో గ్రాండ్‌ఫాదర్ కొండ ప్రాంతపు కీత్ బ్లాలాక్ ఒకడు. అతను యూనియన్ పక్షపాతి. తప్పించుకోలేని భర్తీ ఎలాగూ వస్తుంది కాబట్టి, చేరి, ముందు వరసల నుంచి అవతలి పక్షానికి జారుకోవాలన్నది అతని పథకమని చెబుతారు. 1862 మార్చిలో హిబ్రిటెన్ గార్డ్స్‌లో చేరాడు. అతనితో చేరిన 'శామ్' నిజానికి భార్య మలిండా. జుట్టు కత్తిరించుకుని, మగ దుస్తులు వేసుకుని, మరిది వేషంలో వచ్చింది. రెజిమెంటు యూనియన్ సైన్యానికి దగ్గరగా లేకపోవడంతో కీత్ ఇంకో దారి వెతుక్కున్నాడు. విషపు ఆకుల మీద పొర్లి ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకున్నాడు. అంటురోగమేమోనని వైద్యులు హడలిపోయి ఇంటికి పంపేశారు. ఆ వెంటనే మలిండా తాను ఆడదాన్నని చెప్పి, తీసుకున్న చేరిక సొమ్ము వెనక్కిచ్చి, ఏప్రిల్‌లో తనూ బయటపడింది. రెండు వారాల పాటు మగవాళ్లతో సమానంగా అన్ని విధులూ చేసిందని పట్టీలోనే రాసి ఉంది.

ఈ ఉదంతాన్ని వింత కథగా చెప్పుకోవడం పరిపాటి. అంతకంటే ఆలోచించాల్సిన ముక్క వేరే ఉంది. ఒకే కొండ చుట్టూ పెరిగినవాళ్లతో నిండిన కంపెనీలో ఒక ఆడమనిషి రెండు వారాలు దాగగలిగిందంటే, ఎవరికీ తెలియలేదని అనుకోవాలా, తెలిసినవాళ్లు నోరు మెదపలేదని అనుకోవాలా? పొరుగు కంపెనీలో రహస్యం దాగడం కష్టం. కానీ పొరుగువాడి గుట్టు అధికారికి చెప్పకపోవడం కూడా అక్కడ అంతే సహజం. తర్వాత పారిపోయి వచ్చినవాళ్లను కౌంటీ జనం దాచింది కూడా ఇదే సంస్కారంతో.

హెర్బ్‌స్ట్ అడవిలో మధ్యాహ్నం

వాన్స్ 1862 సెప్టెంబరులో గవర్నరై వెళ్లాడు. బర్గ్విన్ కర్నల్ అయ్యాడు. 21 నిండని కర్నల్ తనకొద్దని బ్రిగేడియర్ రాబర్ట్ రాన్సమ్ అంటే, రెజిమెంటు పెటిగ్రూ బ్రిగేడుకు (కొన్ని రెజిమెంట్లు కలిసిన దళం) మారింది. ఆ బ్రిగేడే గెటిస్‌బర్గ్ తొలి రోజు మధ్యాహ్నం విల్లోబీ వాగు దాటి హెర్బ్‌స్ట్ అడవిలోకి నడిచింది.

అవతల నిలబడింది 24వ మిషిగన్ రెజిమెంటు. అదీ కౌంటీ రెజిమెంటే: డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీ. 1862 జూలైలో డెట్రాయిట్‌లో పెట్టిన సైనిక భర్తీ సభను అల్లరి మూక చెదరగొడితే, ఆ మచ్చ కడుక్కోవడానికి కౌంటీ పెద్దలు పంతం పట్టి ఒక అదనపు రెజిమెంటునే లేపారు. అంటే ఆ అడవిలో ఎదురుపడినవి రెండు ప్రభుత్వాల సైన్యాలే కాదు, రెండు స్థానిక పరువులు కూడా. చెట్ల మధ్య కొన్నిసార్లు 20, 30 అడుగుల దూరం నుంచే కాల్చుకున్నారు. మిషిగన్ వాళ్లు 496 మందిలో 363 మందిని కోల్పోయారు. నార్త్ కరొలినా వాళ్లు 800 మందితో దిగి ఆ ఒక్క మధ్యాహ్నమే 588 మందిని కోల్పోయామని రాసుకున్నారు. జెండా పట్టినవాడల్లా పడిపోతుంటే మరొకడు అందుకున్నాడు. బర్గ్విన్ జెండా చేతిలో ఉండగానే ప్రాణాంతకంగా గాయపడ్డాడు. చాతమ్ కౌంటీ రైతు బిడ్డ, లెఫ్టినెంట్ కర్నల్ జాన్ లేన్ ఆ జెండా ఎత్తి శత్రువు చివరి వరసదాకా తీసుకెళ్లాడు. మెడలోంచి దవడ వైపు గుండు దూసుకుపోయినా బతికాడు. అతన్ని కాల్చిన మిషిగన్ సైనికుడు చార్లెస్ మెక్‌కానెల్‌తో 1903లో అదే చోట చేతులు కలిపాడు.

హిబ్రిటెన్ గార్డ్స్ జెండాకు ఆనుకుని ఉన్న కంపెనీల్లో ఒకటి. వాళ్ల నష్టానికి సగం కారణం ఇదే. శత్రువు గురి జెండా వైపే ఉంటుంది. భుజం భుజం తగిలేలా రెండు వరసల్లో నిలబడే ఆ కాలపు పద్ధతిలో పక్కనున్నవాళ్లకు తప్పించుకునే చోటు లేదు. మిగతా సగం కారణం పొరుగుతనం. అన్న పడ్డ చోట తమ్ముడు ఆగుతాడు గాని వెనక్కి పరిగెత్తడు. పరిగెత్తితే ఇంటికి ఉత్తరం రాసేవాడు పక్కనే ఉన్నాడు. ఆ కంపెనీలో మూడు కవల జతలు ఉన్నాయని, ఆ ఆరుగురిలో అయిదుగురు చనిపోయారని కంపెనీ వాళ్లే తర్వాత చెప్పారు. కాఫీ ఇంటిపేరు గల కవలలు అందులో ఒక జత. కంపెనీ పట్టీలో ఒకే ఇంటిపేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, ఆ పేర్లకెదురుగా మరణమో గాయమో కూడా అలాగే మళ్లీ మళ్లీ.

జూలై 3న మిగిలిన కొద్దిమందిని మేజర్ జోన్స్ నడిపించగా రెజిమెంటు మళ్లీ మైదానం దాటి యూనియన్ వరసల మీదికి వెళ్లింది. గెటిస్‌బర్గ్ మొత్తం మీద ఏ రెజిమెంటు కంటే ఎక్కువమంది పోయింది 26వ నార్త్ కరొలినాలోనే. జోన్స్ 1864 మేలో విల్డర్‌నెస్ యుద్ధంలో చనిపోయాడు.

వరస చెదరకపోవడానికి ఊరి బంధం పనికొచ్చింది. కానీ నష్టాన్ని పంచడానికి పనికిరాలేదు. దేశమంతటి నుంచి కలిపి కట్టిన సైన్యంలో ఒక ఘోరమైన మధ్యాహ్నం వేయి ఊళ్ల మీద చెదురుతుంది. కౌంటీ కంపెనీలో అది ఒకే కోర్టు, ఒకే చర్చి, ఒకే లోయ మీద పడుతుంది. బ్రిటన్ ఈ సంగతి 1916లో గాని నేర్చుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒకే పట్నం స్నేహితులను ఒకే బెటాలియన్‌లో పెడతామన్న హామీతో భర్తీ చేసిన దళాల్లో అక్రింగ్టన్ వాళ్లది ఒకటి. సోమ్ యుద్ధం మొదటి రోజు సెర్ దగ్గర సుమారు 700 మంది దాడికి దిగితే 584 మంది చనిపోవడమో, గాయపడడమో, గల్లంతవడమో జరిగింది. ఆ తర్వాత బ్రిటన్ ఆ పద్ధతిని మెల్లగా వదిలేసింది. కాన్ఫెడరసీ వదలలేదు, వదిలే వీలూ లేదు. యూనియన్ రాష్ట్రాల గవర్నర్లు పాత రెజిమెంట్లు కరిగిపోతుంటే ఎక్కువగా కొత్త రెజిమెంట్లు లేపారు. అలా లేపితే పంచిపెట్టడానికి కొత్త కర్నల్ పదవులు వస్తాయి. దక్షిణాది మాత్రం భర్తీ అయినవాళ్లను పాత కంపెనీల ఖాళీల్లోకే పంపింది. అనుభవజ్ఞుల పక్కన కొత్తవాడు త్వరగా నేర్చుకుంటాడు కాబట్టి సైనికంగా అదే మంచి పద్ధతి. కౌంటీ కోణంలో చూస్తే, అన్నను మింగిన కంపెనీలోకే తమ్ముడిని పంపడం.

యుద్ధం ఇంటికి వచ్చింది

గెటిస్‌బర్గ్ వార్తలు కాల్డ్‌వెల్ చేరేసరికి అక్కడి బతుకు వేరుగా ఉంది. కాడి పట్టే చేతులు లేవు. 1863 ఏప్రిల్ నుంచి పంటలో పదో వంతు కాన్ఫెడరేట్ ప్రభుత్వానికి వస్తురూపంలో కట్టాలి. ఉప్పు దొరకదు, ఉప్పు లేకపోతే పంది మాంసం నిల్వ ఉండదు, అది లేకపోతే చలికాలం గడవదు. ఆ మార్చిలో సాల్స్‌బరీ పట్నంలో సైనికుల భార్యలు గొడ్డళ్లు పట్టుకుని వ్యాపారుల కొట్ల మీద పడి పిండి, ఉప్పు పట్టుకుపోయారు. గవర్నర్ వాన్స్‌కు సైనికుల భార్యలు రాసిన ఉత్తరాలు గుట్టలుగా వచ్చేవి. వాటి సారం ఒక్కటే: నా మొగుణ్ణి పంపండి, లేదా తిండి పంపండి.

కౌంటీ కంపెనీ పెట్టుకున్న ఒప్పందంలో పైకి చెప్పని రెండో భాగం ఒకటి ఉంది: మేం పోరాడతాం, మా వాళ్లను మీరు చూసుకోవాలి. 1861 సభల్లో పెద్దమనుషులు ఆ మాట ఇచ్చారు కూడా, సైనికుల కుటుంబాలకు లోటు రానివ్వమని. కౌంటీలు కొంత ప్రయత్నించాయి, ధాన్యం పంచాయి. చాలలేదు. ఆ మాట తప్పిందని తెలిసిన సైనికుడు ఇంటిదారి పట్టడాన్ని పిరికితనం అనేస్తే విషయం అర్థం కాదు. హెర్బ్‌స్ట్ అడవిలో కదలకుండా నిలబెట్టిన బంధమే అతన్ని ఇంటివైపు లాగింది. తన వాళ్లకు తలవంపులు తేకూడదన్న మనిషే తన వాళ్లను పస్తుంచకూడదని కూడా అనుకున్నాడు. యుద్ధం పొడవునా నార్త్ కరొలినా దళాల నుంచి పారిపోయినట్టు నమోదైనవాళ్లు 20,000కు పైగానే. వాళ్లలో ఎంతోమంది పంట కోసి మళ్లీ వెనక్కి వెళ్లినవాళ్లు.

పారిపోయినవాళ్లను పట్టడానికి రాష్ట్రం 1863 జూలైలో హోం గార్డు ఏర్పాటు చేసింది. అదీ కౌంటీ దళమే, వయసు మళ్లినవాళ్లు, మినహాయింపు పొందినవాళ్లు సభ్యులు. ఈ నిర్ణయమే ప్రమాదమైంది. కాల్డ్‌వెల్ యువకులు వర్జీనియాలో యూనియన్ మీద పోరాడుతుంటే, కాల్డ్‌వెల్ పెద్దలు కాల్డ్‌వెల్ కొండల్లో కాల్డ్‌వెల్ వాళ్లనే వేటాడారు. ఎవడు ఏ గుహలో ఉన్నాడో, ఎవరి తల్లి రాత్రిపూట రొట్టె మోసుకెళ్తోందో హోం గార్డుకు బాగా తెలుసు. సైన్యం కట్టడానికి పనికొచ్చిన ఆ పరిచయమే కక్ష తీర్చుకోవడానికీ పనికొచ్చింది.

బ్లాలాక్ దంపతులు ఈ దశలో తిరిగి తెర మీదికొచ్చారు. కీత్ కొండల మీదుగా యూనియన్ పక్షం వాళ్లను టెనెసీకి దాటించాడు, యూనియన్ అధికారి జార్జ్ కిర్క్ దళాలకు దారి చూపాడు. తన ముఠాతో గ్లోబ్ లోయలో కాన్ఫెడరేట్ కుటుంబాల మీద దాడులు చేశాడు. కారల్ మూర్ ఇంటి మీద జరిపిన దాడుల్లో మలిండా భుజానికి గుండు తగిలింది, కీత్ ఒక కన్ను పోగొట్టుకున్నాడు. ఆ మూర్ ఇంటి కొడుకు జేమ్స్ హిబ్రిటెన్ గార్డ్స్‌లో ఉండి గెటిస్‌బర్గ్‌లో గాయపడ్డవాడు. ఇటు కీత్ మారుతండ్రి ఆస్టిన్ కాఫీని 1865లో కాన్ఫెడరేట్ పక్షం హోం గార్డు వాళ్లు పట్టుకుని చంపారు. కాఫీ ఇంటిపేరు గెటిస్‌బర్గ్ మృతుల్లోనూ ఉంది, హోం గార్డు చేతిలో చనిపోయినవాళ్లలోనూ ఉంది. ఆ హత్యలో చేయి ఉందని నమ్మి, యుద్ధం ముగిశాక కీత్ ఇంకో పొరుగువాడిని కాల్చి చంపాడు. శిక్ష మాత్రం పడలేదు.

దీన్ని యూనియన్‌కూ కాన్ఫెడరసీకీ మధ్య జరిగిన పోరుగా చూడాలా, పాత భూమి తగాదాలు, బంధుత్వ వైరాలు జెండాలు కప్పుకుని బయటికొచ్చాయని అనాలా? రెంటినీ విడదీయడం కష్టం. అయితే ఒకటి గమనించాలి. ఈ లోయలో వైరం ఎంత పాతదైనా, మనుషుల చేతికి తుపాకులిచ్చింది, అవతలివాడికి దేశద్రోహి అనే పేరు పెట్టింది యుద్ధమే. 1865 వసంతంలో స్టోన్‌మన్ నాయకత్వంలో యూనియన్ అశ్వికదళం ఈ కౌంటీ మీదుగా వెళ్తూ ప్యాటర్సన్ నూలు మిల్లును తగలబెట్టింది, లెనోయిర్‌లో మకాం వేసింది. అప్పటికి కౌంటీకి బయటి సైన్యం కొత్త గాని, యుద్ధం కొత్త కాదు. ఆ ఏప్రిల్‌లో అపొమాటక్స్ దగ్గర 26వ రెజిమెంటు లొంగిపోయినప్పుడు అందులో మిగిలింది సుమారు 130 మంది.

యుద్ధం తర్వాత నార్త్ కరొలినా 1885లో గాయపడిన కాన్ఫెడరేట్ సైనికులకు, మృతుల వితంతువులకు చిన్నపాటి పింఛను మొదలుపెట్టింది. యూనియన్ పక్షాన పనిచేసినవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పింఛను అంతకంటే చాలా ఎక్కువ. హిబ్రిటెన్ గార్డ్స్ పట్టీలో పక్కపక్కన పేర్లున్న మనుషులు రెండు వేరువేరు ఖజానాల ముందు అర్జీలు పెట్టుకున్నారు. కీత్ బ్లాలాక్ లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీ తరఫున రాజకీయాల్లోనూ చేయి పెట్టి ఓడిపోయాడు, 1913 దాకా బతికాడు. రెజిమెంటు పాతసైనికులు ఏటా కలుసుకుని గెటిస్‌బర్గ్ కథ చెప్పుకున్నారు, దాన్ని అచ్చు వేయించారు, రాష్ట్రం దాన్ని తన గర్వంగా మార్చుకుంది. కొండల్లో జరిగిన దాన్ని చాలాకాలం ఎవరూ అచ్చు వేయలేదు. అది ఎవరింట్లో వాళ్లు చెప్పుకునే మాటగా, ఎన్నికల్లో ఏ లోయ ఎవరికి ఓటేస్తుందన్న లెక్కగా మిగిలింది. పశ్చిమ నార్త్ కరొలినా కొండల్లో రిపబ్లికన్లకు దక్కిన గట్టి స్థానాలు చాలావరకు యుద్ధకాలంలో యూనియన్‌ను అంటిపెట్టుకున్న ప్రాంతాలే.